అవ్వ తిట్టడం మానేసింది

పోయిన బుధవారం చాట్స్‌వర్త్‌లో అవ్వను సాగనంపి వచ్చాం. దహనవాటిక హాల్లో పెట్టె మీద బంతిపూల దండలు వేశాక, పక్కింటి పెద్దమనిషి మైకు పట్టుకుని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాడు. "ఇరవై ఏళ్ళుగా గోడకు గోడ ఆనుకుని ఉన్నాం. ఈ తల్లి నోట ఒక్క పరుషమైన మాట విని ఎరగను" అన్నాడు. జనం తలలూపారు. వెనక వరసలో ఎవరో కళ్ళు కూడా తుడుచుకున్నారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన తప్పేమీ లేదు పాపం. ఆయన ఆ ఇంట్లో దిగేసరికే అవ్వ నోరు మూతపడి చాలాకాలమైంది. కానీ నాకు తెలిసిన అవ్వ వేరు. ఆవిడ తిట్టకుండా ఒక పూట గడిపితే వీధిలో వాళ్ళు జ్వరమేమోనని వచ్చి చూసేవాళ్ళు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరు పేపర్లో పడింది, దానివల్ల జరిగింది చాలు. వీధి మొత్తానికీ ఆవిడ అవ్వే, నాకూ అవ్వే.

నేను చాట్స్‌వర్త్ వెళ్ళింది హైస్కూల్లో లెక్కలు చెప్పడానికి. ఆ దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి ఓట్లేసిన మొదటి ఎన్నికలై, కొత్త జెండా ఎగిరి ఏడాది దాటిందంతే. మాది బొబ్బిలి దగ్గర పల్లె. జులైలో దిగాను. అక్కడది నడి చలికాలమని భూగోళం పుస్తకంలో చదివిందే కానీ ఒంటికి తెలియదు కదా. నూలు చీర, కాళ్ళకు చెప్పులు, చేతిలో రెండు పెట్టెలతో, స్కూలు వాళ్ళు చూపించిన అడ్రసు పట్టుకుని అవ్వ ఇంటి తలుపు కొట్టాను. ఆ ఇంటి వెనక గది నాకు అద్దెకిచ్చారు. తలుపు తెరిచిన ముసలావిడ నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూసింది.

"ఇదేం పిల్ల? సలికి బిగుసుకుని సచ్చేలాగుంది. నీ జిమ్మడ, ఈ సలిలో సెప్పులేసుకుని ఎవత్తైనా వస్తాదా? బుర్ర లేదూ నీకు? నిన్ను పంపినోడు ఎవడు? ఆడి మొహం మండ, తీసుకురా ఆణ్ణి నా ముందుకి."

నేను గుమ్మంలో నిలబడి భోరుమన్నాను. మా నాయనమ్మ పోయిన తర్వాత 'నీ జిమ్మడ' అన్న మాట నా చెవిన పడటం అదే. సముద్రం దాటి వచ్చాక, ఎవరో తెలియని ముసలావిడ నోట వింటానని కలలో కూడా అనుకోలేదు. అవ్వ కంగారుపడి నా పెట్టెలు లాక్కుంది. "ఏడుస్తావేటి? తిట్టలేదు మన్, మాట్లాడతన్నాను" అంది. ఆ ఊళ్ళో ఆడ మగ తేడా లేకుండా ప్రతి మాట చివరా ఒక 'మన్' తగిలిస్తారని నాకు తర్వాత తెలిసింది.

అవ్వ తెలుగు గురించి చెప్పాలి. ఆవిడ తాతలు గోదావరి అవతల ఏ ఊళ్ళోనో ఓడెక్కి చెరకు తోటలకు కూలికి వచ్చినవాళ్ళు. వాళ్ళతో వచ్చిన భాష మూడు తరాలకు అరిగిపోయింది. మామూలుగా మాట్లాడమంటే అవ్వకు తెలుగు వచ్చేది కాదు. నిన్న, మొన్న, రేపు అన్నీ ఇంగ్లీషే. "టుమారో మార్కెట్ గోయింగ్, నువ్వు కమింగ్?" అనేది. క్రియలు ఎటుపోయాయో ఆవిడకే తెలియదు. కానీ తిట్టడం మొదలుపెట్టిందా, ఒక్క విభక్తి తప్పేది కాదు. నీళ్ళు తాగినంత సులువుగా, మా ఊరి చెరువుగట్టున నిలబడి మాట్లాడినట్టు వచ్చేది. ఆవిడ దగ్గర నిండుగా మిగిలిన తెలుగంతా తిట్లే. నేను ఆ వెనక గదిలో ఉండి, పొద్దున్నే వంటింట్లోంచి వినపడే ఆ తెలుగు కోసం మెలకువ తెచ్చుకునేదాన్ని.

అవ్వ తిట్టని వస్తువు లేదు. నీళ్ళు కాగడానికి ఆలస్యమైతే కెటిల్‌ను తిట్టేది. కుండీలో కరివేపాకు మొక్కను "తిండి దండగ దానా" అనేది. శుక్రవారం దీపం పెట్టి, గోడకున్న అమ్మోరి పటం ముందు నిలబడి, "ఏం సూస్తన్నావలా గుడ్లప్పగించి? పిల్లకి పరీక్షలు. లేచి ఏదో ఒకటి సెయ్యి" అని గదమాయించేది. టౌనుకు వెళ్ళే టాక్సీ వ్యానులో పాటల మోతకు డ్రైవరును సగం జూలూలో, సగం తెలుగులో ఉతికి ఆరేసేది. ఆ కుర్రాడు నవ్వి, "యెబో, గోగో" అని మోత కాస్త తగ్గించేవాడు. యెబో అంటే సరే, గోగో అంటే వాళ్ళ భాషలో అవ్వే. దిగేటప్పుడు అతని చేతిలో వడ పెట్టి, "తిను, ఎముకల గూడు ఎదవా" అనేది. అతనికి అర్థం కాకపోయినా వడ తినేవాడు.

ఒకరోజు అడిగాను, ఎందుకవ్వా అందరినీ అలా తిడతావని. కందిపప్పులో రాళ్ళు ఏరుతూ, ఇంగ్లీషూ తెలుగూ కలిపి చెప్పింది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో చెరకు మిల్లు కూలీల బారక్స్‌లో ఉన్నప్పుడు ఆవిడకు మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టిందట. మేస్త్రీ భార్య వచ్చి, ఎంత చక్కని పిల్లో అని బుగ్గలు పుణికి వెళ్ళిందట. వారం తిరక్కుండా పిల్ల పోయింది. "మంచి మాట అంటే దిష్టి, మన్. తిడితే ఎవడి కన్నూ పడదు. నేను తిట్టినోళ్ళు ఒకళ్ళూ సచ్చిపోలేదు, చూస్కో" అంది. అదీ అవ్వ లెక్క. ఎవరి మీద ప్రేమ ఎక్కువైతే వాళ్ళకు తిట్లు ఎక్కువ.

ఆ లెక్కన అన్నిటికన్నా పెద్ద తిట్టు లవీనాకు దక్కింది. లవీనా అవ్వ మనవరాలు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి జొహన్నెస్‌బర్గ్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పదహారేళ్ళ పిల్ల, నా స్కూల్లోనే చదివేది. దాన్ని అవ్వ దెయ్యం అని పిలిచేది. అసలు పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

"దెయ్యం లేచిందా?"

"దెయ్యం స్లీపింగ్, అవ్వా" అని దుప్పట్లోంచి వినపడేది.

"లే ముదనష్టపుదానా, బస్సు మీ తాత నడపడు."

లవీనాకు వచ్చిన తెలుగు మొత్తం మూడు మాటలు. అవ్వ, అన్నం, దెయ్యం. ఆ మూడో మాటను తన నల్ల స్కూలు బ్యాగు మీద వైట్‌నర్‌తో, ఇంగ్లీషు అక్షరాల్లో, బారెడు పెద్దదిగా రాసుకుంది. డి ఇ వై వై ఎ ఎమ్. ఇదేమిటే అని నేనడిగితే, "దట్స్ మీ, మిస్. ఆ పేరుతో పిలిచేది ప్రపంచం మొత్తంలో అవ్వ ఒక్కతే" అంది. గర్వంగానే అంది. ఇంట్లో నల్ల టీషర్టు వేసుకునేది, గోళ్ళకు నల్ల రంగు వేసుకునేది, తలుపు ధడాలున మూసి, రేకుల షెడ్డు కూలుతున్నట్టుండే పాటలు పెట్టుకునేది. లెక్కల్లో మంచి చురుకు. ముఖ్యంగా జ్యామితిలో నాకంటే తక్కువ గీతలతో తేల్చేసేది.

ఇంతలో పేపర్లకు సైతాను దొరికాడు.

అంతకుముందు పేపర్లనిండా రాజకీయపు చావులే. అవి కాస్త తగ్గాయి. ఇంక జనాన్ని దేనితో భయపెట్టాలో తెలియక పిల్లల మీద పడ్డారని నా అనుమానం. మా వీధికి దిగువన, వాగు పక్క చెట్టు కింద, కోడి ఈకలు, కాలిన కర్పూరం, నెత్తురు మరకలు కనిపించాయని ఎవరో చెప్పారు. ఆదివారం పేపర్లో మొదటి పేజీ మీద ఫోటో వేసి, మన పిల్లలు సైతానును కొలుస్తున్నారని రాశారు. పై వారం ఒక జాబితా వేశారు, మీ బిడ్డ సైతాను చేతికి చిక్కిందో లేదో తెలుసుకునే గుర్తులట. నల్ల బట్టలు, పెద్ద శబ్దపు పాటలు, గది తలుపు వేసుకోవడం, భోంచేసేటప్పుడు మాట్లాడకపోవడం. ఆ లెక్కన బొబ్బిలిలో మా తమ్ముడు సైతానుకు ప్రధాన పూజారి. నేను నవ్వుకున్నాను. నాతోపాటు నవ్వినవాళ్ళు మాత్రం ఎక్కువమంది లేరు.

స్కూలు హాల్లో తల్లిదండ్రులకు మీటింగు పెట్టారు. సైతాను వ్యవహారాల్లో ఆరితేరినవాడని చెప్పి ఒక తెల్ల పోలీసు సార్జంటును పిలిచారు. పాత ప్రభుత్వంలో ఈ వీధుల్లోనే పిల్లల్ని కొట్టి వ్యానుల్లో ఎక్కించినవాళ్ళ సాటివాడే. అప్పుడు ఆ యూనిఫాం కనపడితే తలుపులేసుకున్న తల్లులే ఇప్పుడు ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నారు. రాజకీయానికి కొట్టడం తప్పని కొత్త చట్టం చెప్పింది. సైతాను కోసమైతే కొట్టవచ్చని తల్లిదండ్రులే ఒప్పుకున్నారు. సార్జంటు మాట్లాడటం అయ్యాక హాలంతా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చి పేపర్లో ఫోటో అవ్వకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి పకపకా నవ్వింది. "ఇది అమ్మోరి కోడి, మన్. ఎవరో మొక్కు తీర్చుకున్నారు. నిమ్మకాయ కూడా ఉంది చూడు" అంది. వీధిలో అందరికీ తెలుసు అది అమ్మోరి కోడేనని. ఎవరు కోశారో కూడా తెలుసు. కానీ సగం మంది చర్చికి వెళ్తున్నారు, మిగతావాళ్ళు కోడిని కోసే పూజ మోటు పని అని కొత్తగా నేర్చుకున్నారు. మాదేనని చెప్పుకోవడానికి అందరికీ సిగ్గు.

ఆ వారంలోనే పేపరు కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడు, మన పోలికలవాడే, మెడలో కెమెరా. ఇల్లిల్లూ తిరిగి పిల్లల గురించి పెద్దల అభిప్రాయం అడుగుతున్నానన్నాడు. అవ్వకు ఇంటికి మనిషొస్తే పండగ. కుర్చీ వేసి, టీ పెట్టి, వడలు తెచ్చి, "తిను, నీ బుగ్గలు పీక్కుపోయినాయి, మీ అమ్మ వండదా?" అని తిట్టి కూర్చోబెట్టింది. నేను అదే టేబులు దగ్గర టెస్టు పేపర్లు దిద్దుకుంటున్నాను. లవీనా స్కూలు నుంచి వచ్చి, బ్యాగు గిరాటేసి, గదిలోకి పోయి తలుపు ధడాలున వేసింది. పాటలు మొదలయ్యాయి.

కుర్రాడు ఆ తలుపు వైపు చూసి, "వాట్స్ రాంగ్ విత్ హర్, గ్రానీ?" అన్నాడు.

అవ్వ చెయ్యి తిప్పింది. దిష్టి తగలకుండా రోజూ అనే మాటనే, కొత్తవాడికి అర్థం కావాలని ఇంగ్లీషులో అంది. "డెవిల్ కాట్ దిస్ వన్, మన్. ఫ్రమ్ స్మాల్, డెవిల్ ఈజ్ ఇన్ హర్. ఎవ్రీ డే ఐ యామ్ టెల్లింగ్ హర్, యూ డెవిల్." అని, ముద్దుగా నవ్వింది.

కుర్రాడు రాసుకున్నాడు. నేను ఎర్ర పెన్ను ఆపి, అవ్వ ఇంగ్లీషుకు నవ్వుకుని, మళ్ళీ దిద్దుకోవడంలో పడ్డాను. ఆ మాట రెండో భాషలోకి వెళ్ళేసరికి వేరే మాట అయిపోయిందని, రెండు భాషలూ తెలిసినదాన్ని, నాకు తట్టలేదు. కోడి అమ్మోరిదని కూడా అవ్వ అతనికి చెప్పింది. అది అతను రాసుకోలేదు.

ఆదివారం పేపర్లో అవ్వ పేరుతో సహా పడింది. నా మనవరాలిలో సైతాను ఉన్నాడు, చిన్నప్పటినుంచీ ఉన్నాడు అని ఒక అవ్వ కన్నీటితో చెప్పిందట. కన్నీళ్ళు ఎక్కడివో మరి, ఆ పూట మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. పక్కన ఇంటి ఫోటో, కుండీలో కరివేపాకు మొక్కతో సహా.

సోమవారం రెండో పీరియడ్‌కు పోలీసుల పసుపు వ్యాను స్కూల్లోకి వచ్చింది. ఆడపిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి చేతులు చాపించి గోళ్ళు చూశారు. బ్యాగులు తలకిందులుగా కుమ్మరించారు. ఒకమ్మాయి బ్యాగులోంచి పడిన వాటిని చూసి మగపోలీసులు నవ్వారు. ఆ పిల్ల చేతుల్లో మొహం దాచుకుంది. లవీనా బ్యాగు మీది తెల్ల అక్షరాలు చూసి సార్జంటు దాన్ని రెండు వేళ్ళతో, ఏదో పాముని పట్టుకున్నట్టు ఎత్తాడు. మొత్తం నలుగుర్ని ఎక్కించారు. లవీనా వ్యాను మెట్టు మీద నుంచి నాకేసి చూసి, "మిస్, టెల్ అవ్వ" అంది. నేను హెడ్మాస్టరు వైపు చూశాను. ఆయన నేల చూశాడు.

అవ్వను తీసుకుని స్టేషనుకు వెళ్ళాను. చాలాసేపు కూర్చోబెట్టాక లవీనాను బయటి గదిలోకి తెచ్చారు. ఒక చెంప కందిపోయి ఉంది. జడ ఊడిపోయి ఉంది. అవ్వ జీవితంలో భయపడినప్పుడల్లా ఏం చేసిందో అప్పుడూ అదే చేసింది. లేచి నిలబడి తిట్టింది. "నీ మొహం మండ, నల్లగుడ్డలొద్దని ఎన్నిసార్లు సెప్పినాను? దెయ్యమా, ఏం సేసుకున్నావే, దెయ్యపుదానా" అని, తన నెత్తి తానే కొట్టుకుంటూ, గొంతు పగిలేలా తిట్టింది. ఎన్ని తిడితే అంత రక్షణ అని ఆవిడ నమ్మకం. ఆ గదిలో ఆవిడ దగ్గరున్న ఆయుధం అదొక్కటే.

సార్జంటు చెవులు నిక్కబొడుచుకున్నాడు. బ్యాగు తెచ్చి టేబులు మీద పెట్టి, అక్షరాలు కూడబలుక్కుని, "డెయ్యామ్. ముసలావిడ అన్నదీ ఇదే కదా?" అని నన్ను అడిగాడు. "మీరు ఇండియా నుంచి వచ్చారు. టీచరు. ఈ మాటకు అర్థమేమిటి?"

ఎన్నోసార్లు అనుకున్నాను, బంగారం అని చెప్పి ఉంటే సరిపోయేదని. చిలక అనో, చిట్టితల్లి అనో ఏదో ఒకటి. ఆ గదిలో నా మాట కాదనగలిగినవాడు ఎవడూ లేడు. కానీ నేను లెక్కల టీచర్ని. ఒక్క మెట్టు రాయకపోతే అరమార్కు కోసే రకాన్ని. పైగా ఎదుట పోలీసు, ఆ దేశంలో పనిచేసుకోనిచ్చే నా పర్మిటు ఏడాదికోసారి తిరగరాయాల్సిన కాగితం.

"అర్థమైతే డెవిల్ అనే. కానీ మా భాషలో..." అన్నాను.

"థాంక్యూ, టీచర్" అని సార్జంటు తల వంచుకుని రాసుకున్నాడు. ఆ 'కానీ' తర్వాత నేను చాలా చెప్పాను. దిష్టి గురించి, ముద్దుపేర్ల గురించి, మా నాయనమ్మ గురించి కూడా చెప్పినట్టు గుర్తు. పెన్ను మళ్ళీ కదల్లేదు. లవీనాను లోపలికి తీసుకుపోయారు.

రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ రెండు రోజులూ అవ్వ వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. వాగు దగ్గరి కోడి అమ్మోరిదని ఎవరో ఒకరు వచ్చి పోలీసులకు ఒక్క మాట చెబితే చాలని అడిగింది. నేను వెనక నడిచాను. ప్రతి గుమ్మంలోనూ చేతులు జోడించింది. ఒక్కరిని కూడా తిట్టలేదు. "ప్లీజ్, మై డియర్, ప్లీజ్" అంది. అవ్వ నోట ప్లీజ్ అన్న మాట నేను వినడం అదే మొదలు. వాళ్ళు అయ్యో పాపం అన్నారు, టీ తాగి వెళ్ళమన్నారు. స్టేషనుకు మాత్రం ఒక్క పురుగు రాలేదు. కోడిని కోసిన ఇంటివాళ్ళయితే తలుపే తీయలేదు, లోపల టీవీ శబ్దం వినపడుతూనే ఉంది.

స్కూల్లో హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి, "మీరు ఇందులో తలదూర్చకండి. మీ కాంట్రాక్టు సంగతి చూసుకోవాలి కదా" అన్నాడు. నేను తలదూర్చలేదు. పేపరుకు ఒక ఉత్తరమైనా రాయలేదు. ఎందుకు రాయలేదంటే, భయపడ్డాను.

మూడో రోజు మధ్యాహ్నం లవీనా బయటికొచ్చింది. క్లినిక్కుకు తీసుకెళ్ళాను. ఎడమ చెవిలో కర్ణభేరి పగిలిందన్నాడు డాక్టరు. ఎవరు కొట్టారని అడిగితే, "పడ్డాను" అంది. లోపల ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో ఇద్దరు స్నేహితురాళ్ళ పేర్లున్నాయి. మర్నాడు ఆ ఇద్దరినీ తీసుకుపోయారు. ఆ తర్వాత వీధిలో లవీనాతో మాట్లాడిన పిల్ల లేదు. విషయం తేలేదాకా రావద్దని స్కూలు చెప్పింది. కొన్ని నెలలకు సాక్ష్యం లేదని కేసు ఎత్తేశారు. ఆ సంగతి ఏ పేపర్లోనూ పడలేదు. అప్పటికి పేపర్లకు వేరే భయం దొరికింది.

వచ్చిన రోజు సాయంత్రం అవ్వ అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. లవీనా తినలేదు.

"నువ్వే చెప్పావు వాళ్ళకి, అవ్వా" అంది. అరవలేదు, ఇంగ్లీషులో మామూలుగానే అంది.

అవ్వ నోరు తెరిచింది. అది తిట్టు కాదని, దిష్టి తగలకుండా వేసిన కంచె అని చెప్పాలి. అది ఇంగ్లీషులో ఆవిడకు రాదు, తెలుగులో చెబితే పిల్లకు అర్థం కాదు. ముద్ద తిరిగి కంచంలో పెట్టింది. నేను మధ్యలో కల్పించుకోవచ్చు. కానీ స్టేషనులో నేను చేసిన అనువాదం లవీనా కూడా వింది. ఇంక నా నోట వచ్చే అర్థాన్ని ఆ పిల్ల నమ్ముతుందని నాకు అనిపించలేదు.

నెల తిరక్కుండా తండ్రి వచ్చి లవీనాను జొహన్నెస్‌బర్గ్ తీసుకుపోయాడు. మళ్ళీ చదివించాడా అంటే లేదు, ఏదో షాపులో పనికి పెట్టాడని విన్నాం. వెళ్ళేటప్పుడు బ్యాగు మీది అక్షరాలు నెయిల్ పాలిష్ తుడిచే మందుతో గోకి గోకి తీసేసింది. అవ్వ గేటు దగ్గర నిలబడి, "గో వెల్, మై డియర్" అంది.

ఆ రోజు నుంచి అవ్వ తిట్టలేదు. అలిగి కొన్నాళ్ళు మానేసిందేమో అనుకున్నాను నేను. కాదు. కెటిల్ ముందు మౌనంగా నిలబడేది. కరివేపాకు మొక్క వాడిపోతుంటే నీళ్ళు పోసేది, ఒక్క మాట అనేది కాదు. అమ్మోరి పటం ముందు దీపం పెట్టి వచ్చేసేది. నన్ను చూసి, "గుడ్ మార్నింగ్, టీచర్" అనేది. నేను వానలో తడిసి వచ్చినా తువ్వాలు అందించి తప్పుకునేది. తిట్లతోపాటే ఆవిడ తెలుగూ పోయింది, తిట్లు తీసేస్తే మిగలడానికి అక్కడ ఇంకేం లేదు కదా. ఇంట్లో ఒక మనిషి చచ్చిపోయి, మర్యాద గల ఇంకో ముసలావిడ ఎవరో వచ్చి చేరినట్టుండేది. నాకు భరించడం చేతకాలేదు. ఊళ్ళోనే ఇంకో పేట, ఆషర్‌విల్‌లో వేరే ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాను. అవ్వ ఆపలేదు. ఆదివారాలు మాత్రం వెళ్ళి కూర్చునేదాన్ని.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆరేడేళ్ళకు, లవీనా వచ్చింది. చెప్పకుండా వచ్చింది. మనిషి లావెక్కింది, కళ్ళకింద నలుపు. ఎవరైనా మాట్లాడితే మెడ తిప్పి కుడి చెవి ఇస్తోంది. అవ్వ తలుపు తీసి, ద్వారబంధం పట్టుకుని, "గుడ్ ఆఫ్టర్‌నూన్, మై డియర్. ప్లీజ్ కమ్ ఇన్" అంది.

లవీనా లోపలికొచ్చింది. బూట్లతో వచ్చింది. ఆ ఇంట్లో బూట్లతో గడప దాటితే ఒకప్పుడు పైకప్పు ఎగిరిపోయేది. అవ్వ బూట్లవైపు చూసి ఊరుకుంది. లవీనా ఆ బూట్లతోనే పోయి మంచమ్మీద కాళ్ళు చాపుకుంది. అవ్వ టీ తెచ్చింది. లవీనా సగం తాగి, మిగతాది నేల మీద ఒలకబోసింది. చెయ్యి జారి కాదు, కావాలనే, అవ్వ మొహంలోకి చూస్తూ పోసింది. అవ్వ వంగి గుడ్డతో తుడిచి, "నెవర్ మైండ్, యాక్సిడెంట్" అంది. లవీనా లేచి తన పాత గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసింది. గోడకున్న పటాలు అదిరాయి. మళ్ళీ తెరిచి మళ్ళీ వేసింది. ఆ పిల్ల ఏం అడుగుతోందో నాకు తెలుస్తోంది. అవ్వకూ తెలుస్తోందని, తుడిచిన గుడ్డనే ఆవిడ మడిచి విప్పి మళ్ళీ మడుస్తుంటే అర్థమైంది.

చివరికి లవీనా బయటికొచ్చి అవ్వ కాళ్ళ దగ్గర, తడి నేల మీద కూలబడింది. ఏడుస్తోంది. "ఒక్కసారి అను, అవ్వా. నన్ను ఎవరూ ఏమీ అనరు అక్కడ. ఒక్కసారి" అంది. కుడి చెవి ఆవిడ నోటి దగ్గరికి తెచ్చింది.

అవ్వ ఆ తల మీద చెయ్యి వేసింది. పెదాలు కదిలాయి. 'దె' అనడానికి నాలుక పళ్ళకు ఆనడం నేను చూశాను. అంతలోనే నోరు మూసుకుంది.

"నో, మై డియర్" అంది ఇంగ్లీషులో, మెల్లగా. "ఎవరైనా రాసుకుంటారు."

గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. ఆ మాట అంటూ అవ్వ నా వైపు చూసింది.